కాన్పు ఖర్చు గురించి ఏడో నెలలోనే మాట్లాడుకుందాం

మన సంఘాల్లో ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదివేటప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది. ఫలానా సహోదరికి పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీశారు, బిడ్డను బాక్సులో పెట్టారు, డిశ్చార్జి కావాలంటే ఇంత కట్టాలట, తలా కొంత సాయం చేద్దాం. చేస్తాం కూడా. కూలి డబ్బుల్లోంచి, వృద్ధాప్య పింఛనులోంచి తీసి ఇచ్చే తల్లులు మన మధ్య ఉన్నారు. ఆ ప్రేమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ కుటుంబం ఆ ఆసుపత్రికే ఎందుకు వెళ్లింది, ఆపరేషన్ ఎందుకు అవసరమైంది, అదే ఆపరేషన్ ఉచితంగా చేసే చోటు దగ్గర్లోనే ఉందని వాళ్లకు ఎవరైనా చెప్పారా అన్నది సంఘంలో చర్చకు రాదు. వచ్చినా అప్పటికి బిల్లు చేతికొచ్చేస్తుంది. ఇవి ఏడో నెలలో అడగాల్సిన ప్రశ్నలు.

ముందు లెక్కలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005–06లో మన దేశంలో నూటికి 8.5 కాన్పులు సిజేరియన్లు. 2015–16 నాటికి అది 17.2, 2019–21 నాటికి 21.5 అయింది. ఇది దేశమంతటి సగటు. ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కారన్నదాన్ని బట్టి చూస్తే కథ మారిపోతుంది. అదే 2019–21 సర్వేలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో నూటికి 14.3 కాన్పులు ఆపరేషన్లయితే, ప్రైవేటులో 47.4. మనం తరాలుగా బతుకుతున్న రాష్ట్రాలు తీసుకుంటే, కర్ణాటకలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 22.6, ప్రైవేటులో 52.5. తమిళనాడులో 36, 63.8. మహారాష్ట్రలో 18.2, 39.1. ఒడిశాలో 15.3, 70.7. మనలో చాలామందికి పుట్టిల్లో అత్తిల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 26.6, 63. తెలంగాణలో అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 44.5, ప్రైవేటులో 81.5.

ఒడిశా అంకెను మరోసారి చూడండి. బరంపురంలోనో రాయగడలోనో ఒకే వీధిలో ఉండే ఇద్దరు తోడికోడళ్లు చెరొక ఆసుపత్రికి వెళితే, ఒకరికి ఆపరేషన్ అయ్యే అవకాశం మరొకరికంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. ప్రైవేటుకు వెళ్లేవారిలో వయసు ఎక్కువైనవారు, షుగరు, బీపీ ఉన్నవారు కొంత ఎక్కువే ఉండవచ్చు. అలా అని నాలుగు రెట్ల తేడా అంతా ఆడవాళ్ల శరీరాల్లోనే ఉందంటే నమ్మలేం. డబ్బు ఎలా వస్తుందన్న దాంట్లో ఉంది. మామూలు కాన్పుకు పది పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. ఆపరేషన్ గంటలో ముగుస్తుంది, బిల్లు రెండింతలు దాటుతుంది. ఒకే డాక్టరమ్మ నడిపే చిన్న నర్సింగ్ హోమ్‌లో పగలంతా ఓపీ చూసి రాత్రంతా నొప్పులు కనిపెట్టడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఏదైనా జరిగితే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం కూడా ఆమెకు ఉంది. డాక్టర్లందరినీ దొంగలనేస్తే మన పని సులువవుతుంది గాని నిజం సగమే చెప్పినట్టవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో సిజేరియన్లు నూటికి 10 నుంచి 15 దాటనక్కర్లేదని చెప్పింది. 2015లో ఆ మాటను మళ్లీ పరిశీలించి, జనాభా మొత్తం మీద చూస్తే 10 శాతం దాటాక తల్లుల, బిడ్డల మరణాలు అదనంగా తగ్గడం కనిపించలేదనీ, అయినా ఒక అంకెను పట్టుకుని కూర్చోకుండా అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేలా చూడాలనీ చెప్పింది. ఈ రెండో భాగం మనకు చాలా ముఖ్యం. మాయ అడ్డం పడినా, బిడ్డ అడ్డం తిరిగినా, నొప్పుల మధ్యలో బిడ్డ గుండె తగ్గిపోతున్నా, ఆపరేషన్ ఒక్కటే రెండు ప్రాణాలను నిలబెడుతుంది. కొండ ప్రాంతాల్లో ఆ ఆపరేషన్ అందక పోయిన తల్లుల సంగతి ఏ బిల్లులోనూ రాయరు. అక్కరలేని చోట ఎక్కువ, అక్కర ఉన్న చోట తక్కువ, అన్యాయం రెండు వైపులా ఉంది.

ఇక ఖర్చు. కేంద్ర గణాంక శాఖ 2017–18లో జరిపిన జాతీయ నమూనా సర్వేలో, ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌కు కుటుంబాలు సగటున 5,500 రూపాయల దాకా సొంతంగా ఖర్చు పెట్టాయని తేలింది. ప్రైవేటులో అదే ఆపరేషన్‌కు పల్లెల్లో 29 వేలు, పట్టణాల్లో 37 వేలు దాటింది. అది ఎనిమిదేళ్ల కిందటి లెక్క. ఇప్పుడు చిన్న ఊరి నర్సింగ్ హోమ్‌లోనూ అర లక్ష దాటడం మామూలైపోయింది, బెంగళూరులో లక్ష దాటడమూ వింతగా లేదు. ఆసుపత్రివాళ్లు ముందుగా చెప్పే ప్యాకేజీలో చేరనివి కొన్ని ఉంటాయి. మత్తు డాక్టరు ఫీజు కొన్నిచోట్ల వేరు. రక్తం ఎక్కిస్తే వేరు. అన్నిటికంటే పెద్దది బిడ్డను బాక్సులో పెడితే రోజుకింత అని పడే లెక్క. ప్యాకేజీ ఎంతో అడిగేవాళ్లున్నారు, బాక్సుకు రోజుకెంతో ముందే అడిగే ఇల్లు మాకు అరుదుగా కనిపించింది.

బిల్లులోకి రాని ఖర్చు ఇంకోటి. మామూలు కాన్పు అయిన తల్లి కొద్ది వారాల్లో లేచి తిరుగుతుంది. కోత మానేదాకా బరువులు ఎత్తకూడని తల్లి కూలికి వెళ్లలేదు, సోలాపూర్‌లో బీడీలు చుట్టే మన అక్క గంటల తరబడి కూర్చోలేదు. ఆమెను, బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో మరో ఆడమనిషి పని మానుకుంటుంది. రెండో కాన్పు కూడా చాలావరకు ఆపరేషనే అవుతుంది. మొదటిసారి కోసిన చోట తర్వాతి కాన్పులో మాయ అతుక్కుపోయే ప్రమాదం కొంత పెరుగుతుంది. కాబట్టి మొదటి ఆపరేషన్ నిజంగా అవసరమా అని అడగడం పిసినారితనం కాదు.

మేము సేవ చేసేది కోలారు బంగారు గనుల ప్రాంతంలో. గనులు నడిచిన రోజుల్లో కార్మికుడి భార్యకు కంపెనీ ఆసుపత్రిలో కాన్పు ఉచితం. కార్మిక లైన్లలో పుట్టిన మన పెద్దల్లో చాలామంది అక్కడ పుట్టినవాళ్లే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు, ఆసుపత్రి కూడా ఆ దారినే పోయింది. ఇప్పుడు మన పిల్లలు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళతారు. గార్మెంట్స్, సెక్యూరిటీ, హౌస్ కీపింగ్ పనులు చేసి రాత్రికి వస్తారు. నెల జీతం పన్నెండు, పదిహేను వేలు. ఒక ప్రైవేటు సిజేరియన్ అంటే ఆ ఇంటికి అర్ధ సంవత్సరపు తిండి.

ఇక్కడి ఒక కుటుంబంలో జరిగింది చెబుతాం. అమ్మాయి గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. ఏడో నెల దాకా బెంగళూరులో చూపించుకుని, మన ఆనవాయితీ ప్రకారం తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇక్కడి ఏ ఆసుపత్రిలోనూ పేరు రాయించలేదు. నొప్పులు రాత్రిపూట వచ్చాయి. ఆటో డ్రైవరు తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. బిడ్డ మెడకు పేగు చుట్టుకుందన్నారు, సంతకం పెట్టమన్నారు, పెట్టారు. పేగు చుట్టుకోవడం చాలా కాన్పుల్లో కనిపించేదేననీ, అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదనీ ప్రసూతి వైద్యులే చెబుతారు. ఆ రాత్రి ఇంకే కారణం ఉందో కాగితం మీద మాత్రం లేదు. తల్లి చెవి కమ్మలు తాకట్టుకు పోయాయి, గ్రూపు లోను మీద ఇంకో లోను పడింది. ఇంతా జరిగేటప్పుడు ఆ అమ్మాయి పర్సులో ఈఎస్ఐ కార్డు ఉంది.

ఈ పుట్టింటి ఆనవాయితీ మనలాంటి సరిహద్దు తెలుగువాళ్లకు ఖర్చు పెంచే అసలు సంగతి అని మా అభిప్రాయం. అమ్మాయి హోసూరులో కాపురం, పుట్టిల్లు కుప్పం. లేదా కాపురం బళ్లారి, పుట్టిల్లు అనంతపురం పక్క. యానాంలో కాపురం, కాకినాడలో అమ్మ. ఎనిమిదో నెలలో ఆమె రాష్ట్రం దాటుతుంది. ఆమె స్కానింగులు, రేషన్ కార్డు, బీమా కార్డు, ఆమె పేరు తెలిసిన ఆశా కార్యకర్త, అన్నీ అవతలి రాష్ట్రంలో ఉండిపోతాయి. కొత్త చోట ఆమె ఎవరికీ తెలియని కేసు. తెలియని కేసు అనగానే ప్రభుత్వ డాక్టరు పై ఆసుపత్రికి రాస్తాడు, ప్రైవేటు డాక్టరు ఆపరేషన్‌కు రాస్తాడు. పుట్టింటికి వెళ్లొద్దని మేము అనం. తల్లి చేతి తిండిని మించిన బలం లేదు. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, రక్తపరీక్షల కాగితాలు, స్కానింగులు అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లాలి, వెళ్లిన వారంలోనే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించుకోవాలి. తమిళనాడులో కాన్పు అయ్యేటట్టయితే గర్భిణిగా నమోదైన పిక్మీ నంబరు లేకుండా తర్వాత బిడ్డ జనన ధ్రువపత్రానికి కూడా ఇబ్బంది.

ఏది ఎవరికి వర్తిస్తుందో తెలియకే సగం డబ్బు పోతోంది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయ్యే ప్రతి స్త్రీకి, సిజేరియన్ అయినా సరే, అంతా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పై ఆసుపత్రికి, తిరిగి ఇంటికి బండి. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే ఆ వైద్యం కూడా. ఇందులో కులం, మతం, రేషన్ కార్డు, సొంత రాష్ట్రం అడిగే పని లేదు. జననీ సురక్షా యోజన నగదు సంగతి వేరు. ఒడిశాలో అది ప్రభుత్వ ఆసుపత్రిలో కనే తల్లులందరికీ వస్తుంది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి, ఎస్సీ, ఎస్టీలకు మాత్రమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవురాలు ఎస్సీ కాదు కాబట్టి ఆ దారి ఆమెకు మూసుకుంది. ఆమె రేషన్ కార్డు దారినే రావాలి. ఆ ఉత్తర్వు మీద మన పోరాటం సాగుతూనే ఉంటుంది. అంతవరకు కాన్పు ఆగదు కాబట్టి, పెళ్లయిన వెంటనే కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించమని ప్రతి ఇంటికీ చెబుతున్నాం.

ఈఎస్ఐ ఉన్నవారికి కాన్పు వైద్యం అందులోనే ఉంది. భర్తకు ఈఎస్ఐ ఉన్నా భార్యకు వర్తిస్తుంది. అమ్మాయే ఉద్యోగి అయితే, అంతకు ముందటి ఏడాదిలో 70 రోజుల చందా కట్టి ఉంటే, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతం కూడా వస్తుంది. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరున ఉన్న పథకంలో పేద తల్లికి నగదూ పోషకాహార కిట్లూ కలిపి 18 వేల రూపాయల సాయం ఉంది. కర్ణాటకలో ఆయుష్మాన్ కార్డు పట్టుకుని నేరుగా ప్రైవేటుకు వెళితే సరిపోదు, ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ ఉండాలంటారు. ఈ సంగతి కౌంటరు దగ్గర తెలిసి వెనక్కి వచ్చినవాళ్లను చూశాం.

ఇన్ని ఉన్నా మనవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రికి ఎందుకు వెళ్లరు? వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నొప్పులతో అరిస్తే తిట్టే నోళ్లు అక్కడ ఉన్నాయి. మగబిడ్డ పుడితే ఒక రేటు, ఆడబిడ్డ పుడితే ఒక రేటు చేతిలో పెడితే గాని బిడ్డను చూపించని వార్డులు ఉన్నాయి. ఉచితమైన చోట 5,500 ఖర్చు ఎలా అవుతోందని ఆశ్చర్యపోనక్కర్లేదు. బయట కొనమనే మందులు, తోడు ఉన్నవాళ్ల తిండి, ఆటోలు, ఈ చేతి లంచాలు కలిస్తే అంతే అవుతుంది. కాన్పు గదిలో ఒక ఆడతోడును ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ ఆదేశం తెలిసిన అక్క ఒకరు పక్కన నిలబడితే తిట్లూ తగ్గుతాయి, లంచమూ తగ్గుతుంది. వదిలేసి వెళ్లిపోతే ఆ ఆసుపత్రి ఎప్పటికీ బాగుపడదు. వేరే దిక్కులేని ఆదివాసీ తల్లి అక్కడికే వస్తుంది.

ఇంటి లోపలి సంగతులు కూడా రెండు చెప్పాలి. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లను మనం వేదిక మీద విమర్శిస్తాం. క్రిస్మస్ రోజున బిడ్డ పుట్టాలని తేదీ అడిగే విశ్వాసుల ఇళ్లు కూడా ఉన్నాయి, అది ఏ ముహూర్తమో మాకు అర్థం కాదు. రెండోది ఇంతకంటే బాధాకరం. నార్మల్ డెలివరీ అయితే దేవుని కార్యమనీ, ఆపరేషన్ అయితే ప్రార్థన చాలలేదనీ కొన్ని వేదికల మీద వినిపిస్తోంది. అది విన్న ఒక చెల్లెలు, డాక్టరు ఇప్పుడే చేయాలని చెప్పినా, ప్రార్థించి చూస్తామని సాయంత్రం దాకా ఆగితే బిడ్డ దక్కకపోవచ్చు. రాహేలు ఎఫ్రాతా దారిలో కాన్పు కష్టమై చనిపోయింది. ఆమె విశ్వాసాన్ని అక్కడ ఎవరూ తప్పుపట్టలేదు.

మన చరిత్రలో ఈ విషయానికి పెద్ద చోటుంది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఆడ డాక్టరు కావాలని అడిగారు. మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రి చూసిన ఐడా స్కడ్డర్ వైద్యం చదివి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. అంతకు ముందే, 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీల కోసం పనిచేసి 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆ ఆసుపత్రులు మొదట చూసింది డబ్బు లేని తల్లిని. అంతకు ముందు ఊరి కాన్పులన్నీ చేసినవాళ్లు మన మంత్రసానులు, చాలామంది దళిత, మంగలి కులాల ఆడవాళ్లు. కాన్పుకు పిలిచి, అయ్యాక గుమ్మం బయట నిలబెట్టిన చేతులవి. ఓపికగా నొప్పులు కనిపెట్టే ఆ పనిని ఇప్పుడు శిక్షణ పొందిన నర్సు మంత్రసానుల రూపంలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మళ్లీ తెస్తున్నారు. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి ఆ దారిలో ముందు నడిచింది. మన మిషన్ ఆసుపత్రుల్లో, నర్సింగ్ కాలేజీల్లో ఈ చదువు పెట్టమని సినాడ్లలో, కన్వెన్షన్లలో గట్టిగా అడగాలి. వైద్య పరిచర్య అని రిపోర్టుల్లో రాసుకునే పెద్దలు తమ ఆసుపత్రి సిజేరియన్ల శాతం ఎంతో, రేటు ఎంతో కూడా ఆ రిపోర్టులో రాయాలి.

చట్టం మన చేతికి ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రి తన రేట్లు కనిపించేలా పెట్టాలి, అత్యవసర స్థితిలో అడ్వాన్సు కట్టందే చూడమనకూడదు. మహారాష్ట్రలో 2021 నుంచి రేట్ల పట్టికా, రోగుల హక్కుల పట్టికా పెట్టాల్సిందే. బిల్లు కట్టలేదని తల్లినో బిడ్డనో ఆపి ఉంచే హక్కు ఏ ఆసుపత్రికీ లేదని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. బోర్డు లేని చోట బోర్డు ఏదని అడగడానికి యువజనులు నలుగురు వెళితే చాలు, గొడవ అక్కర్లేదు.

సంఘంగా మేము అడిగేది ఇంతే. ఏడో నెలలో సీమంతపు ప్రార్థనకు వెళ్లే స్త్రీల సమాజం చేతిలో గాజులు, పండ్లతో పాటు ఒక కాగితం ఉండాలి. కాన్పు ఏ ఆసుపత్రిలో, పేరు రాయించారా. అక్కడ రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా. రక్తం ఏ గ్రూపు, ఇవ్వగలిగిన ఇద్దరు ఎవరు. కార్డులేమి ఉన్నాయి, ఎక్కడున్నాయి. ప్రైవేటే అనుకుంటే మామూలు కాన్పుకెంత, ఆపరేషన్‌కెంత, బిడ్డను బాక్సులో పెడితే రోజుకెంత. ఆపరేషన్ అంటే కారణం కాగితం మీద రాసివ్వమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికుంది. సంతకం పెట్టమనే ఫారం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కాబట్టి, చదివి చెప్పగల వాళ్లెవరు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతారా. ఈ కాగితం నింపి వంటింట్లో క్యాలెండరు పక్కన అంటిస్తే చాలు. ఆ ఇంటి మగవాళ్లు అన్నానికి వచ్చినప్పుడైనా చదువుతారు.